తుమ్మెద పెట్టె

వెంకటరావమ్మ మంగళగిరి నేతవారి పిల్ల. ఊహ తెలిసినప్పటినుంచీ రాట్నం ముందు కూచుని కండెలు చుట్టింది. దారం ఎక్కడ సన్నబడిందో, ఎక్కడ తెగబోతోందో కంటితో చూడకుండానే వేళ్ళకి తెలిసేది. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి కూడా పోయాక, బెజవాడలో బట్టల వ్యాపారం చేసే వీరభద్రయ్యకిచ్చి పెళ్ళి చేశారు. గవర్నర్‌పేటకి కాపురానికి వస్తూ ఆమె తమ్ముడు రామలింగాన్ని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. వాణ్ణి ఎక్కడ వదిలి రాగలదు?

వీరభద్రయ్య ఏనాడూ దానికి మొహం చిట్లించలేదు. బావమరిదిని బడిలో వేశాడు. వాడికి పుస్తకాలకంటే తీగల మీదా బ్యాటరీల మీదా ధ్యాస ఎక్కువని గ్రహించి, మద్రాసు పంపి రేడియో పని నేర్పించాడు. తిరిగొచ్చాక ఇంటికి దగ్గర్లోనే ఒక చిన్న కొట్టు పెట్టించాడు. పిల్లలు కలగలేదని ఎవరైనా జాలిపడబోతే, "మా రామలింగం లేడూ?" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా వెంకటరావమ్మకి లోపల దీపం వెలిగించినట్టుండేది. అత్తగారు చౌడేశ్వరమ్మ కూడా అన్నం పెట్టేటప్పుడు కొడుక్కొక ముద్ద, వాడికొక ముద్ద అన్నట్టే పెట్టింది.

యుద్ధం వచ్చి విదేశీ సామాన్లు ఆగిపోయాయి. రేడియోల్లో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతే కొత్తది దొరకదు. పాతదాని తీగ విప్పి మళ్ళీ చుట్టాలి. రామలింగానికి అంత ఓపిక లేదు, తెంపేసేవాడు. ఒకరోజు కాలిపోయిందొకటి పట్టుకొచ్చి అక్క ముందు పెట్టాడు.

"కండె చుట్టినట్టు చుట్టగలవా అక్కా?"

ఆమె రాట్నం కదురుకి చెక్క అచ్చు బిగించి చుట్టింది. పొర మీద పొర, చాప అల్లినట్టు వచ్చింది. అప్పట్నుంచీ కొట్టుకి వచ్చే చుట్టుడు పనంతా ఆమెదే. చుడుతూ చుడుతూ ఆమె అడిగేది, వాడు చెప్పేవాడు.

"ఇటు లావు తీగ కొంచెం, అటు వెంట్రుకలాంటి తీగ బోలెడు. రెండూ ఎక్కడా తగలవు గదా. మరి కరెంటు ఇటునుంచి అటుకి ఎట్టా పోద్దిరా?"

"పోదక్కా. ఇటువైపు కరెంటు ఊగిందనుకో, ఆ ఊపుకి అటువైపు చుట్టలో కొత్తగా పుడుతుంది. చుట్లు ఎక్కువుంటే ఎక్కువ జోరుతో పుడుతుంది. ఊగకపోతే ఏమీ లేదు. వీధి స్తంభాల మీద వచ్చే కరెంటు ముందుకీ వెనక్కీ ఊగుతూనే వస్తుంది. దానికి ఇదొక్కటి చాలు. బ్యాటరీ కరెంటు అట్టా కాదు, కాలవ నీళ్ళల్లే ఒకేవైపు పోతుంది. దాన్ని తెచ్చి ఇందులో పెడితే తీగ వేడెక్కడం తప్ప ఒరిగేదేం లేదు."

"మరి కరెంటు లేని ఊళ్ళో రేడియోలు?"

"వాటిల్లో వైబ్రేటరని ఉంటుంది. చిన్న ఉక్కు రేకు. నాడె మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తదూ? అట్టా కొట్టుకుంటూ బ్యాటరీ కరెంటుని ఓసారి ఇటూ ఓసారి అటూ తిప్పి తోస్తుంది. ఆ ఊపు నీ చుట్టలోకొచ్చి పెద్దదవుతుంది. చివర్లో ఒక వాల్వు, అదే ఆ గాజు బుడ్డి, దాన్ని మళ్ళీ ఒకేవైపు నడిపిస్తుంది. వాల్వులకి అంత జోరు కావాలి, బ్యాటరీ దగ్గర అంత ఉండదు."

ఆమెకి ఇదంతా నచ్చింది. తన పుట్టింటి పనికీ తమ్ముడి పనికీ ఏదో చుట్టరికం కలిసినట్టనిపించింది.

నలభై రెండు ఆగస్టులో కాంగ్రెసు పెద్దలందర్నీ జైళ్ళలో పెట్టారు. పత్రికలు మూతపడ్డాయి. రైలు పట్టాలు పీకారనీ, కాల్పులు జరిగాయనీ వదంతులే తప్ప ఏది నిజమో చెప్పేవాళ్ళు లేరు. రామలింగానికి హనుమయ్య అని స్నేహితుడు. పటమట రైతుబిడ్డ, కాలేజీ చదువు మానేసి ఉద్యమంలో తిరుగుతున్నవాడు. మంచి కంఠం. వీళ్ళిద్దరూ కలిసి ఒక చిన్న రేడియో కేంద్రం పెట్టాలనుకున్నారు. రామలింగం ప్రసారం చేసే యంత్రం తయారుచేస్తాడు, హనుమయ్య వార్తలు చదువుతాడు. చెరుకు తోట మధ్యలో హనుమయ్యవాళ్ళ బెల్లం వండే పాక ఉంది. అక్కడికి కరెంటు స్తంభాలు లేవు కాబట్టి పోలీసుల కన్ను కూడా పడదు. కరెంటు లేదు కాబట్టే బస్సు బ్యాటరీ, బ్యాటరీ కాబట్టే వైబ్రేటరు. దాని ట్రాన్స్‌ఫార్మరు వెంకటరావమ్మ చుట్టింది. ఎందుకో తెలిసే చుట్టింది. వీరభద్రయ్యకీ తెలుసు. "జాగ్రత్తరా" అన్నాడు గానీ వద్దనలేదు.

ముందు ఇంట్లోనే ఒకసారి నడిపి చూద్దామనుకున్నారు. సాయంత్రం దీపాలు పెట్టే వేళ హనుమయ్య కూడా వచ్చాక వెనకగదిలో బ్యాటరీ కలిపారు. పెట్టె జుయ్యిమని మొదలుపెట్టింది. రెండు నిమిషాలన్నా కాలేదు, పక్కింటి ప్లీడరు వెంకటకృష్ణారావు గోడ మీదుగా కేకేశాడు.

"వీరభద్రయ్యగారూ! మీ ఇంట్లో ఏం జరుగుతోందండీ? నా రేడియోలో ఒకటే మోత!"

వీరభద్రయ్య తాపీగా పెరట్లోకి వెళ్ళి, "మావాడు ఎవరిదో ఫ్యాను బాగుచేస్తున్నాడండీ, ఆపిస్తాను" అన్నాడు. ప్లీడరు లోపలికి వెళ్ళిపోయాడు. వీరభద్రయ్య తిరిగొచ్చి తలుపేసి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏరా, ఇది రేడియో పెట్టా, తుమ్మెద పెట్టా?"

అందరూ నవ్వారు. ఆనాటినుంచీ వాళ్ళ నలుగురిమధ్యా దాని పేరు తుమ్మెద పెట్టె. రామలింగం మాత్రం నవ్వుతూనే ఆలోచనలో పడ్డాడు. రేకు కొట్టుకున్నప్పుడల్లా సన్నని నిప్పురవ్వ పుడుతుంది, ఆ రవ్వల రొద చుట్టుపక్కల రేడియోల్లోకి పాకుతుందని అక్కకి చెప్పాడు. మర్నాడు యంత్రాన్ని ఇంట్లోంచి తీసుకెళ్ళిపోతూ, "ఇకనుంచీ నిన్ను ఇందులోకి లాగనక్కా. నీకేం తెలియకపోవడమే నీకు మంచిది" అన్నాడు.

ఆ రోజే వీరభద్రయ్య మద్రాసు ప్రయాణమయ్యాడు. సైనికాసుపత్రులకి గాయాల కట్టుగుడ్డ నేయించి పంపే ఆర్డరు కోసం చాలాకాలంగా తిరుగుతున్నాడు. నూలు దొరక్క మగ్గాలు పడుకున్న రోజులు. ఆ ఆర్డరుంటే నూలు సర్కారే ఇప్పిస్తుంది. ఆయన అక్కడుండగానే పటమట పాకలోంచి హనుమయ్య గొంతు గాలిలోకెక్కింది. ఊళ్ళో రేడియోలున్న కొద్దిమందీ తలుపులు మూసుకుని విన్నారు. వెంకటరావమ్మ వినలేదు. కానీ కూరలమ్మి కూడా చెవిలో చెప్పి వెళ్ళింది, "మన బెజవాడ నుంచేనంటమ్మా!" అని. ఆమె ఏమీ ఎరగనట్టు వంకాయలు ఏరుకుంది.

వీరభద్రయ్య ఆర్డరు చేతబట్టుకుని వచ్చాడు. వచ్చిన కొన్నాళ్ళకే ఒక ఉదయం పోలీసులు పటమట పాకని చుట్టుముట్టి రామలింగాన్నీ హనుమయ్యనీ పట్టుకున్నారు. కొట్టు సోదా చేసి సీలు వేశారు. ఇంటికి మాత్రం రాలేదు. ఇవాళ వస్తారు, రేపు వస్తారని వెంకటరావమ్మ వణికింది. ఎవరూ రాలేదు. అదృష్టం అనుకుంది.

ఎట్లా దొరికారన్నది ఆమెకి అంతుబట్టలేదు. భర్త పోలీసు కచేరీలన్నీ తిరిగి వచ్చి, కండువాతో మొహం తుడుచుకుంటూ చెప్పాడు.

"ఆ వైబ్రేటరే కొంప ముంచిందిటే. ఆ మోత పటమటలో ఎవరి రేడియోలోనో పడిందిట. దాన్ని పట్టుకుని వాసన చూసుకుంటూ పోయినట్టు పోయారుట."

ఆ ట్రాన్స్‌ఫార్మరు చుట్టేటప్పుడు ఒక పొరలో తీగ కొంచెం వదులుగా పడిందని వెంకటరావమ్మకి గుర్తొచ్చింది. విప్పి మళ్ళీ చుట్టాలనుకుంది. ఈలోపు తమ్ముడు తొందరపెట్టాడు.

"నా చుట్టు సరిగ్గా కుదరకేనంటారా? ఒకచోట వదులైంది. అందుకే అంత మోగిందంటారా?"

వీరభద్రయ్య గోడకేసి చూశాడు. "అయ్యుండొచ్చు. ఇప్పుడనుకుని ఏం లాభంలే" అని స్నానానికి లేచాడు.

అంతే. ఆ రోజు తర్వాత ఆమె రాట్నం ముట్టుకోలేదు. ఇద్దరికీ శిక్షలు పడ్డాయి, రాజమండ్రి జైలుకి పంపారు. భర్త ఆర్డరు పని ఊపందుకుంది. మంగళగిరిలో పడుకున్న మగ్గాలు లేచాయి, వీధి వసారా నిండా తెల్లటి కట్టుగుడ్డ బేళ్ళు. ఆ తెలుపు చూస్తుంటే ఆమెకి ఆసుపత్రి వాకిట్లో కూచున్నట్టుండేది. అన్నం కలుపుకుంటూ తన వేళ్ళకేసి చూసుకునేది. ఈ వేళ్ళే తమ్ముణ్ణి తీసుకెళ్ళి కటకటాల వెనక కూచోబెట్టాయి. వీటిని నమ్మి ఆ రైతుబిడ్డ కూడా పోయాడు. అత్తగారు ఓదార్చబోతే ఏడుపు ఇంకా ఎక్కువయ్యేది.

చివరికి ఒకరోజు మనసు ఉండబట్టక, హనుమయ్య భార్య మాణిక్యమ్మని చూసి క్షమాపణ చెప్పుకోవాలని పటమట వెళ్ళింది. బందరు రోడ్డు మీద జట్కా దిగి, చెరుకు తోటల గట్ల మీద నడిచి వెళ్ళేసరికి మాణిక్యమ్మ పాక ముందు పిడకలు తిరగేస్తోంది. ఈమెని చూసి చేతులు కడుక్కుని ఎదురొచ్చింది.

"రండి వదినగారూ. ఎండన పడి ఇంత దూరం వచ్చారు."

వెంకటరావమ్మ కూచోలేదు. నిలబడే చెప్పేసింది. "అమ్మా, మీ ఆయన జైలుకి పోవడానికి నేనే కారణం. ఆ తుమ్మెద పెట్టెకి తీగ చుట్టింది నేను. సరిగ్గా చుట్టలేదు. దాని మోత వల్లే పోలీసులు వచ్చారు. మీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

మాణిక్యమ్మ ఆమెకేసి వింతగా చూసింది.

"అదేంటి వదినగారూ? ఆ పెట్టె అసలిక్కడికి రానేలేదు గదా."

"రాకపోవటం ఏంటమ్మా?"

"మీ ఇంట్లో మోగి అల్లరైందంటగా. మర్నాడే ఇద్దరూ కలిసి దాన్ని బందరు కాలవలో పడేశారు. నేను చూస్తుండగానే పడేశారు. ఆ తర్వాత మావారు బందరెళ్ళి పాత ఇనుము కొట్లో ఇంకోటి తెచ్చారు. ఏదో ఓడ రేడియోలోదంట. రోటరీ అనేవాళ్ళు. అడ్డంగా పడుకోబెట్టిన చిన్న బిందెలా ఉండేది. మీ తమ్ముడు నాకు చెప్పాడు గూడాను. ఒకటే ఇరుసు మీద రెండు చుట్టలంట. ఒక చుట్ట బ్యాటరీ తిని గిరగిరా తిరుగుద్దంట, ఆ తిరుగుడుకి రెండోది పెద్ద కరెంటు పుట్టిస్తదంట. రేకూ లేదు, కొట్టుకోవటమూ లేదు. బ్యాటరీ తొందరగా అయిపోయేది, అదొక్కటే బాధ. మోత రేడియోల్లోకి పోకుండా దానికేవో కట్టాడు. మా బాబాయిగారి ఇంట్లో రేడియో పెట్టుకుని పరీక్ష కూడా చేశారు. చీమ చిటుక్కుమన్నట్టు కూడా వినపడలా."

వెంకటరావమ్మ మెల్లిగా మంచం మీద కూచుంది. ముందు వచ్చింది ఊరట. ఇన్ని నెలలూ గుండె మీద పెట్టుకున్న బండ ఎవరో దింపినట్టు. తన చేతులు ఏ తప్పూ చెయ్యలేదు. ఒక్క నిమిషం అట్లాగే కళ్ళు మూసుకుంది. ఆ నిమిషం గడిచాక, "మరైతే ఎట్లా పట్టుకున్నారు?" అంది.

"అదే నాకూ తెలీదు. కానీ ఒకటి చెబుతా. వాళ్ళిద్దర్నీ పోలీసులు తీసుకుపోయాక, ఇన్‌స్పెక్టరు వస్తూనే 'తుమ్మెద పెట్టె ఏదీ?' అన్నాడు. ఆ మాటే అన్నాడు. రోటరీ ఎదురుగా బల్ల మీదే ఉంది. దాన్ని నీళ్ళు తోడే మోటారనుకున్నాడో ఏమో, పక్కకి నెట్టేశాడు. గడ్డివాము పీకించాడు, బెల్లం పెనాలు బోర్లించాడు. తుమ్మెద పెట్టె దొరికితేగా! చివరికి విసుగొచ్చి ఉన్నవన్నీ బండికెత్తాడు. నేను మీ ఇంటిమీదే అనుమానపడ్డా వదినగారూ, తప్పనుకోకండి. ఆ పేరు మా ఇంట్లో పుట్టింది కాదు గదా."

ఆ పేరు తెలిసినవాళ్ళు నలుగురే. ప్లీడరుకి కూడా తెలియదు. ఆ నలుగురిలో రామలింగం, హనుమయ్య దాన్ని తమ చేతులతోనే కాలవలో వేశారు. వాళ్ళు చెబితే రోటరీ అని చెబుతారు. మిగిలింది తను. ఇంకా, మద్రాసు వెళ్ళి ఈ మార్పు తెలుసుకోకుండా ఉండిపోయిన మనిషి. పెట్టె ఇంకా అక్కడే ఉందనుకున్న మనిషి. దానికి ఆ పేరు పెట్టిన మనిషి.

ఆమె మజ్జిగ కూడా తాగకుండా లేచింది.

ఇంటికి వచ్చేసరికి వీరభద్రయ్య వసారాలో బేళ్ళకి గుర్తులు వేయిస్తున్నాడు. కూలీలు వెళ్ళేదాకా ఆగింది. లోపలికి వచ్చాక మంచినీళ్ళ చెంబు అందించి అడిగింది.

"ఆ పాకలో ఏ యంత్రం నడిచిందో మీకు తెలుసాండీ?"

"ఏ యంత్రమేంటి? నువ్వు చుట్టిందేగా. వైబ్రేటరు."

"కాదండి. దాన్ని మీరు మద్రాసులో ఉండగానే కాలవలో పారేశారు. వేరేది తెచ్చుకున్నారు. దానికి మోత లేదు. ఏ రేడియోలోనూ పడలేదు." ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఇన్‌స్పెక్టరు మాత్రం తుమ్మెద పెట్టె ఎక్కడని అడిగాడంట."

వీరభద్రయ్య నీళ్ళు తాగబోయి చెంబు కిందపెట్టాడు. అబద్ధమాడతాడేమో, ఆడితే బాగుండునని కూడా ఆమెకి ఒక క్షణం అనిపించింది. ఆయన ఆడలేదు.

"మద్రాసులో ఆఫీసరు అడిగాడే. మీ బావమరిది రేడియో మనిషంట గదా, బెజవాడలో దొంగ రేడియో నడుస్తోంది, నీకేమన్నా తెలుసా అన్నాడు. ఎటూ దొరికేవాళ్ళే. నేను చెబితే నా ఇంటి గడప తొక్కబోమన్నారు. నిన్ను ముట్టుకోబోమన్నారు. నువ్వు చుట్టావని తెలిస్తే నిన్నూ తీసుకుపోయేవాళ్ళు."

"నేను చుట్టానని వాళ్ళకెట్టా తెలుస్తుంది, మీరు చెబితే తప్ప?"

ఆయన తల దించుకున్నాడు.

"ఆర్డరు ఇవ్వనన్నారా, చెప్పకపోతే?"

"ఇవ్వనని అనలేదు..." అని ఆగాడు. "ఇస్తామనీ అనలేదు. నీకు తెలీదు, నామీద ఎన్ని మగ్గాలు ఆధారపడ్డాయో. మీ మంగళగిరివాళ్ళే గంజి తాగి పడుకుంటున్నారు."

"వాడు మిమ్మల్ని నాన్న అనుకున్నాడండీ."

"నేనూ వాణ్ణి కొడుకనే అనుకున్నా. ఏ ఆర్నెల్లో ఏడాదో ఉండి వచ్చేస్తాడు, పెళ్ళి చేద్దామనుకున్నా."

వెంకటరావమ్మ ఏడవలేదు. ఆమెని కోస్తున్నది ఇంకొకటి.

"వాణ్ణి పట్టించారు. భయమో ఆశో, ఏదో అనుకుంటాను. నేను మీ ఎదురుగా నిలబడి, నా చుట్టు వల్లేనా అని అడిగాను. అయ్యుండొచ్చన్నారు. ఇన్ని నెలలు నేను నా చేతుల్ని చూసుకుని ఏడుస్తుంటే పక్కనే కూచుని అన్నం తిన్నారు. ఒక్కసారి, కాదులేవే అనడానికి మీకు నోరు రాలేదా?"

వంటింటి గుమ్మంలో చౌడేశ్వరమ్మ నిలబడి ఉంది. ఎంత విన్నదో తెలియదు. "ఏమైందే?" అంది. వెంకటరావమ్మ, "ఏం లేదత్తయ్యా, రాజమండ్రి వెళ్ళొస్తాను" అని మాత్రం అంది.

జైల్లో రామలింగం సన్నబడి కనిపించాడు. కబుర్లు అడిగాడు, బావ ఎట్లా ఉన్నారని అడిగాడు. "హనుమయ్య బాగున్నాడా?" అని ఆమె అడిగేసరికి వాడి మొహం బిగుసుకుపోయింది.

"వాడి సంగతెత్తకక్కా. మమ్మల్ని పట్టించింది వాడే. నా యంత్రానికి మోత లేదు. పాక వాడిది, వార్తలు తెచ్చే మనుషులు వాడివాళ్ళు. ఇంకెవరు చెబుతారు? అందరిముందూ మొహాన అడిగేశాను. అప్పట్నుంచీ మా బారకులో వాడి పక్కన కూచుని ఎవరూ అన్నం తినరు."

వెంకటరావమ్మ కటకటాలు పట్టుకుంది. రైలు గోదావరి వంతెన దాటుతున్నంతసేపూ చెప్పనా మాననా అని కొట్టుకులాడింది. ఇక మానడానికి లేదు. తక్కువ మాటల్లో చెప్పింది.

"బావ అట్టా చెయ్యరక్కా" అన్నాడు వాడు వెంటనే. "నీకెవరో ఎక్కించారు."

"ఒప్పుకున్నార్రా. నా ఎదురుగా ఒప్పుకున్నారు."

"నన్ను మద్రాసు రైలెక్కించి, రైలు కదిలేదాకా కిటికీ పట్టుకుని నడిచిన మనిషక్కా."

"నాకు తెలీదంట్రా?"

రామలింగం చటుక్కున నేల మీద కూచుండిపోయాడు. వార్డరు టైమైందని అరుస్తున్నా లేవలేదు. చివరికి లేచి, "హనుమయ్యకి నేనేమని చెప్పనక్కా?" అన్నాడు. బావ మాట మళ్ళీ ఎత్తలేదు.

బారకులో ఆ సాయంత్రమే వాడు అందరిముందూ నిలబడి హనుమయ్యది తప్పు కాదని చెప్పాడు. మరెవరని అడిగారు. "మా ఇంట్లోనే" అని ఊరుకున్నాడు. హనుమయ్య పళ్ళెం తెచ్చుకుని వాడి పక్కనే కూచున్నాడు. మాటలు కలిశాయి. కానీ పూర్వంలా ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకోవడం మాత్రం మళ్ళీ జరగలేదు. అందరిచేతా ద్రోహి అనిపించుకున్న రోజుల్ని ఎవరు మాత్రం ఎట్లా తిరిగిస్తారు?

వెంకటరావమ్మ రాజమండ్రి నుంచి భర్త ఇంటికి వెళ్ళలేదు. ప్లీడరు చేత అర్జీ రాయించి కొట్టు సీలు తీయించుకుంది. వెనకాల ఉన్న గదిలోనే పొయ్యి పెట్టుకుంది. ఊళ్ళోవాళ్ళు, తమ్ముడి మీద బెంగతో అక్కడ ఉంటోందనుకున్నారు. ఆమె అట్లాగే అనుకోనిచ్చింది. అత్తగారికి నిజం తెలిస్తే ఆ ముసలిప్రాణం నిలవదని ఆమె భయం. చౌడేశ్వరమ్మ అప్పుడప్పుడూ పచ్చడి జాడీ పట్టుకుని వచ్చేది, మెట్టు మీద కూచుని, "ఇంటికి రావే" అనేది. ఎందుకు వచ్చేశావని మాత్రం ఎన్నడూ అడగలేదు. ఎందుకు అడగలేదో వెంకటరావమ్మ కూడా ఆలోచించదలచుకోలేదు.

మళ్ళీ రాట్నం తీసింది. కాలిన ట్రాన్స్‌ఫార్మర్లూ, ఫ్యాను మోటార్లూ ఏలూరు నుంచీ గుడివాడ నుంచీ కూడా వచ్చేవి. మొదటి రోజుల్లో ప్రతి పొరనీ వేళ్ళతో తడిమి తడిమి చూసుకునేది. ఎక్కడైనా వదులుందేమోనని మనసు పీకేది. తప్పు తనది కాదని తెలిశాక కూడా ఆ తడుముకోవడం చాలాకాలం పోలేదు.

రామలింగం నలభై నాలుగు చివర్లో విడుదలయ్యాడు. అక్క దగ్గరే ఉన్నాడు. బావ గురించి ఎవరితోనూ ఒక్క మాట అనలేదు.

నలభై ఏడు ఆగస్టులో ఊరంతా మామిడాకుల తోరణాలు కడుతుండగా వీరభద్రయ్య కొట్టు ముందుకి వచ్చాడు. ఖద్దరు లాల్చీ, భుజాన ఖద్దరు కండువా. జుట్టు బాగా నెరిసింది. ఆయన గుమ్మంలో కనబడగానే రామలింగం చేతిలో పని వదిలేసి లేచి నిలబడ్డాడు. చిన్నప్పట్నుంచీ ఉన్న అలవాటు. లేచినందుకు వాడి మొహం వాడికే ఎర్రబడింది, అయినా కూచోలేకపోయాడు. కుర్చీ కూడా ముందుకి జరిపాడు.

"రేపు జెండా సభలో నన్ను వేదిక మీద కూచోమన్నారే" అన్నాడాయన ఆమెకేసి చూడకుండా. "ఇంటిదాన్నీ తీసుకురమ్మన్నారు. జైలుకెళ్ళిన కుటుంబం గదా అని."

"మీరు వెళ్ళండి. నేను రాను."

"నలుగురూ అడుగుతారే."

"ఇప్పటిదాకా నేనెవరికీ చెప్పలేదు, రేపూ చెప్పను. అది మీ మీద దయతో కాదు. మీ అమ్మ కోసం."

ఆయన ఏదో అనబోయాడు. రామలింగం కేసి తిరిగి, "ఏరా, నువ్వైనా..." అన్నాడు. రామలింగం కుర్చీ వెన్ను పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. తల ఎత్తలేదు. వీరభద్రయ్య ఆ కుర్చీలో కూచోకుండానే వెళ్ళిపోయాడు.

మర్నాడు సభ దగ్గర్లోనే జరిగింది. లౌడుస్పీకర్లు వీధి చివరిదాకా వినిపిస్తున్నాయి. అక్కాతమ్ముళ్ళు కొట్టు తెరిచి పని చేసుకుంటున్నారు. ఎవరో వక్త వేదిక మీదవాళ్ళని ఒక్కొక్కరినే పొగుడుతున్నాడు. "ఇక మన వీరభద్రయ్యగారు! కన్నకొడుకులా పెంచుకున్న బావమరిదిని చేతులారా దేశానికి సమర్పించిన త్యాగమూర్తి!" అన్నాడు. చప్పట్లు మోగాయి.

రామలింగం చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. వెంకటరావమ్మ రాట్నం తిప్పడం మానేసింది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు. చప్పట్లు మాత్రం ఆగకుండా మోగుతూనే ఉన్నాయి.

అవి ఆగీ ఆగకముందే ఎవరో వడివడిగా వీధిలోకి వచ్చారు. హనుమయ్య. అతన్నీ వేదిక మీద కూచోబెట్టారు, మెడలో దండ అట్లాగే ఉంది. దాన్ని తీసి చేత్తో పట్టుకుని, పిలవకుండానే వచ్చి కొట్టు మెట్టు మీద కూలబడ్డాడు. ఆయాసపడుతున్నాడు.

"అక్కడ కూచోలేకపోయానురా" అన్నాడు.

రామలింగం చాలాసేపు అతనికేసి చూశాడు. ఆ తర్వాత బల్ల వెనకనుంచి ఇవతలికి వచ్చి, మెట్టు మీద అతని పక్కనే కూచున్నాడు. వెంకటరావమ్మ లోపలికి వెళ్ళి మజ్జిగ కలిపి, రెండు గ్లాసుల్లో తెచ్చి వాళ్ళ చేతికిచ్చింది.